ఎంగిలి చేతుల ఓటు

గోదారి నీళ్లు దోసిట్లో పట్టుకుని చెప్తున్నాను, ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. ఆ నీళ్లు చాలవంటే బ్రిడ్జి అవతల కొండ మీదున్న రాములవారి మీద ఒక ఒట్టు, మా కాలనీ చర్చి మీద ఒక ఒట్టు, మసీదు మీద ఇంకొకటి. ఇన్ని ఒట్లు ఎందుకంటే నేను చేసేది ఫ్లెక్సీ బ్యానర్ల వ్యాపారం. బట్టతల మీద జుట్టు మొలిపించడం, నల్లటివాళ్లను తెల్లగా చేయడం, కొట్టుకు చచ్చే అన్నదమ్ములను ఒకే బ్యానర్ మీద నవ్వించడం నా పని. అట్లాంటోడి మాట ఎవరు నమ్ముతారని మా ఆవిడ అంటుంది. ఆమెను కూడా నమ్మిద్దామనే ఈ ప్రయత్నం.

మాది సారపాక దాటాక గోదారి ఒడ్డున ఉన్న కాలనీ. కాగితం మిల్లులో కాంట్రాక్టు పనికి పోయేవాళ్లు, లారీలకు కర్ర ఎత్తేవాళ్లు, చిన్న దుకాణాలవాళ్లు ఉంటారు. దేశమంతా క్రికెట్ అంటుంటే మాకు ఫుట్‌బాల్ పిచ్చి ఎట్లా పట్టిందంటే, మా నాయనల కాలంలో ఒక ఫాదర్ గారు బంతి తెచ్చి పిల్లల మధ్య పడేశారు. బ్యాటు కొనే స్తోమత ఎవరికీ లేదు, కాళ్లు మాత్రం అందరికీ ఉన్నాయి. అట్లా మొదలైంది. తరవాత ఒక క్లబ్బు, దానికొక కమిటీ, ఆ కమిటీకొక ప్రెసిడెంటు. ఆటకు పట్టిన శని ఆ వరసలోనే వచ్చింది.

ఇప్పటి ప్రెసిడెంటు కర్ర తోలే లారీల ఓనరు. ఒకసారి ఒక కప్పు స్పాన్సరు చేశాడు. గెలిచిన టీము పేరు కంటే ఆయన పేరు పెద్దగా చెక్కిన కప్పు అది. అక్కడి నుంచి ప్రెసిడెంటు ఎట్లా అయ్యాడో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. వానాకాలంలో గోడ మీద నాచు ఎప్పుడు పట్టిందో చెప్పగలమా? ఆయన మొదటి మ్యాచ్ చూడటానికి వచ్చినరోజు హాఫ్ టైం విజిల్ ఊదగానే ఆట అయిపోయిందనుకుని, అవతలి టీము కెప్టెన్‌కు శాలువా కప్పి, ఫొటో దిగి, కారెక్కి వెళ్లిపోయాడు. రెండో హాఫ్‌లో మేము గెలిచాం. పేపర్లో మాత్రం శాలువా ఫొటోనే వచ్చింది.

గోల్ పోస్టులు తుప్పు పట్టాయని మొత్తుకుంటే ఇనుపవి పీకించి, తన లారీలో మిగిలిన పచ్చి కర్రలు పాతించాడు. ఆ వానలకు అవి చిగురేశాయి. గోల్‌కీపర్ ఆట మొదలయ్యే ముందు ఆకులు తుంపుకునేవాడు. నవ్వకండి, ఒట్టు పెట్టానని ముందే చెప్పాను.

ఇవన్నీ భరించాం. ఎందుకంటే మాకు సారు ఉన్నాడు.

సారు సర్కారు బడిలో పీఈటీగా చేసి రిటైరయ్యాడు. బడివాళ్లు దండ వేసి సాగనంపిన మర్నాడే విజిల్ మెడలో వేసుకుని తెల్లారేసరికి మా గ్రౌండులో నిలబడ్డాడు. జీతం అడగలేదు, మేమూ ఇవ్వలేదు. ఎండాకాలం గోదారి సన్నబడితే పిల్లలను ఇసుకలోకి దింపేవాడు. ఇసుకలో బంతి తిప్పినోడు గడ్డి మీద గాలిలో పోతాడని ఆయన లెక్క. అడవి పల్లెల నుంచి పిల్లలు సైకిళ్ల మీద వచ్చేది ఆయన కోసమే. వాళ్ల భాష ఆయనకు నాలుగు ముక్కలు వచ్చు. అందులో మూడు "పరుగెత్తు" అనే అర్థం వచ్చేవే. ఆయన పోతే ఆ పిల్లలు రారు. వాళ్లు రాకపోతే మాకు టీమంటూ ఉండదు. అది కాలనీలో పాలు పోసే ముసలామెకు కూడా తెలుసు. ఇక సారుకు ఆ గ్రౌండు లేకపోతే ఏముంటుందో ఆలోచించడానికి మాకు భయమేసేది.

గొడవ ఎక్కడ మొదలైందంటే, ఒక పెద్ద నాయకుడు వస్తున్నాడని ప్రెసిడెంటు టీము మొత్తాన్ని జెర్సీలతో రోడ్డు పక్కన పూలు పట్టుకుని నిలబెట్టమన్నాడు. తెల్లారితే మ్యాచ్ ఉంది. సారు గట్టిగా మాట్లాడే మనిషి కాదు. పిల్లలు ఎండలో నిలబడితే కాళ్లు పట్టేస్తాయని మాత్రం అన్నాడట. పిల్లలు పోలేదు. ఆ నాయకుడి కారు మా కాలనీ దగ్గర ఆగకుండానే పోయింది. దానికి కారణం సారేనని ప్రెసిడెంటు మనసులో పెట్టుకున్నాడు.

తరవాత కొన్నాళ్లకు ప్రెసిడెంటు మనిషి నా షాపుకు ఒక ఆర్డరు తెచ్చాడు. "నూతన కోచ్ గారికి హార్దిక శుభాకాంక్షలు." ఫొటోలో నల్లకళ్లద్దాలతో ప్రెసిడెంటు బామ్మర్ది. ఆయన ఇంతవరకు ఆడిన ఆట పేకాట ఒక్కటే. కోచ్‌ను మార్చాలంటే జనరల్ బాడీలో ఓటు పెట్టాలి గదా, మీటింగు ఆదివారం గదా అన్నాను.

"అవ్, ఆదివారమే. రంగు ఆరాలె గదన్నా, జర జల్దీ ఎయ్యి" అన్నాడు వాడు.

బ్యానర్ మూలకు పెట్టమని ఒక బంతి బొమ్మ పంపారు. అది వాలీబాల్. నేను మార్చలేదు. నాలో ఉన్న తిరుగుబాటు అంతవరకే.

సాయంత్రం టైలర్ భాయ్ దుకాణంలో కూడాం. మా జెర్సీలు కుట్టేది ఆయనే. వాళ్ల తాత కాలం నుంచి ఇక్కడే ఉన్న కుటుంబం. చర్చిలో డోలక్ వాయించే అన్న కూడా వచ్చాడు. మిల్లులో కాంట్రాక్టు లోడింగు పని, మ్యాచ్‌లప్పుడు మా స్టాండులో గట్టి గొంతు. ఈమధ్య క్రైస్తవుల శ్రమల దినాలు, రంజాను ఒకేసారి వస్తున్నాయి. ఇద్దరూ ఉపవాసంలోనే ఉన్నారు. పొద్దుగూకేదాకా మంచినీళ్లు కూడా ముట్టరు. నేను వాళ్ల ఎదురుగా చాయ్ తాగలేక కప్పు వెనక్కి పెట్టుకుని కూర్చున్నాను.

లెక్క వేశాం. మెంబర్లలో సగానికి పైగా మావాళ్లే. చేతులెత్తితే చాలు, సారు ఉంటాడు. అంత సులువైన పని మా జీవితాల్లో ఎప్పుడూ రాలేదు. భాయ్‌కి అక్కడే అనుమానం వచ్చింది.

"మీటింగు మగ్రిబ్ టైముకే, ఉపవాసం విడిసే యాల్లకే ఎందుకు పెట్టిండు? దావత్ ఇస్తడు సూడు" అన్నాడు. "ఆయన బువ్వ ముట్టొద్దు. ఉప్పు తిన్నంక నోరు లేవదు."

భాయ్ తన ఖర్జూరాలు తాను జేబులో వేసుకుని రావాలని, డోలక్ అన్న ఇంటి నుంచి టిఫిన్ బాక్సు తెచ్చుకోవాలని నిర్ణయించాం. మిగతావాళ్లకు కూడా మాట పంపాం. నాకు ఉపవాసం లేదు కాబట్టి మధ్యాహ్నమే బాగా తిని రమ్మన్నారు. ఈ ఉద్యమంలో నాకు అప్పజెప్పిన బాధ్యత అదొక్కటే. అది మాత్రం నెరవేర్చాను.

ఫంక్షన్ హాలు మెట్లెక్కుతుంటేనే బిర్యానీ వాసన ఎదురొచ్చి మెడ మీద చెయ్యి వేసింది. మటన్. దమ్ మూత ఇంకా తీయలేదు. పొద్దంతా నీళ్లు కూడా తాగనివాళ్లు వరసగా కుర్చీల్లో కూర్చుని గోడ మీది గడియారం వైపు చూస్తున్నారు. సారు వెనక వరసలో చివరి కుర్చీలో కూర్చున్నాడు. విజిల్ మెడలోనే ఉంది.

అజాన్ వినపడగానే ప్రెసిడెంటు స్వయంగా పళ్లెం పట్టుకుని భాయ్ ముందుకొచ్చి వంగాడు. భాయ్ చెయ్యి జేబులోకి పోయి తన ఖర్జూరాన్ని పట్టుకునే ఉంది. కానీ ఎదుటి మనిషి ఇఫ్తారీ అందిస్తే కాదనడం వాళ్ల ఇంట్లో ఎవరూ నేర్పలేదు. జేబులోంచి ఖాళీ చెయ్యి బయటికి వచ్చింది. ప్రెసిడెంటు ఖర్జూరం నోట్లోకి పోయింది.

తరవాత ఆయన డోలక్ అన్న దగ్గరికి వచ్చాడు. బిర్యానీ తినమనలేదు. ఆ మనిషి తెలివిని మేము ఎప్పుడూ తక్కువ అంచనా వేశాం.

"అన్నా, మీరు గూడ ఉపవాసం విడిసే టైమాయె. భోజనాలకు ముందు ప్రార్థన మీరే చెయ్యాలె" అన్నాడు.

ప్రార్థన చెయ్యమంటే చెయ్యననే నోరు మా కాలనీలో లేదు. డోలక్ అన్న లేచి కళ్లు మూసుకున్నాడు. మొదట్లో జాగ్రత్తగానే నడిచాడు, క్లబ్బుకు న్యాయం జరగాలని కూడా ఒక మాట వేశాడు. కానీ చిన్నప్పటి నుంచి రోజూ అన్నం ముందు చేసే ప్రార్థన అది, చివరికొచ్చేసరికి దానంతటదే దొర్లింది. "ఈ ఆహారమును సిద్ధపరచిన చేతులను దీవించుము తండ్రీ." ప్రెసిడెంటు అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు. డోలక్ అన్న కళ్లు తెరిచి, తానేమన్నాడో అర్థమై, కుర్చీలో కూలబడ్డాడు. దేవుడి ముందర దీవించిన చేతులతో వడ్డించింది ఇంకెట్లా కాదంటాడు?

ఆ ఇద్దరూ పళ్లాలు పట్టాక మిగతావాళ్లను ఆపేదెవరు? నాకైతే ఉపవాసమూ లేదు, సాకూ లేదు. అయినా పళ్లెం నా ఒళ్లోకి ఎట్లా వచ్చిందో చూడలేదు.

అందరూ మూడో ముద్దలో ఉండగా ప్రెసిడెంటు మైకు పట్టుకున్నాడు. "కోచ్ మార్పు ఇషయం అందరికీ ఎరికే. వద్దన్నోళ్లు చెయ్యెత్తుండ్రి."

హాలంతా నమలడం ఆగింది. ఇక్కడ మీకొకటి చెప్పాలి. మా వైపు ఎంగిలి చెయ్యి పైకెత్తరు. పెద్దలున్న చోట అసలే ఎత్తరు, మెతుకు రాలితే పాపం. ఎడమ చెయ్యి ఎత్తుదామంటే మంచి మాటకు ఎడమ చెయ్యి ఎవడెత్తుతాడు? పైగా అది పళ్లెం పట్టుకునుంది. చర్చివాళ్లైనా, మసీదువాళ్లైనా, గుడివాళ్లైనా ఈ ఒక్క విషయంలో మా అమ్మలందరూ ఒకే రకంగా పెంచారు. భాయ్ తన వేళ్ల వైపు చూసుకున్నాడు. నేను నా వేళ్ల వైపు చూసుకున్నాను. నెయ్యి మెరుస్తోంది. వేళ్లు నాకేద్దామా అనుకున్నాను, అంత టైము లేదు.

హాలు మొత్తంలో ఒక్క చెయ్యి లేచింది. తినకుండా కూర్చున్నది సారొక్కడే.

ప్రెసిడెంటు ముఖం ఒక్క క్షణం వాడింది. "చెప్పుండ్రి సారూ" అన్నాడు.

"పొద్దుగాల ఐదింటికి పిల్లలొస్తరు" అన్నాడు సారు. "బంతుల గది తాళంచెవి ఎవరికియ్యాలె?"

బామ్మర్ది లేచి వచ్చి తీసుకున్నాడు. ఆయన చెయ్యి కూడా ఎంగిలే, అందుకని ఎడమ చేత్తో తీసుకున్నాడు.

చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర మా ఉద్యమం పోట్లాటకు దిగింది. ప్రార్థనలో ఆ చేతుల మాట తేవాల్సిన అవసరం ఏమొచ్చిందని భాయ్ నిలదీశాడు. "ప్రార్థన గట్లనే ఉంటది భాయ్, నేనేం కొత్తగ కలిపిన్నా" అని డోలక్ అన్న. మరి జేబులో ఖర్జూరం ఉండగా ఎవరిది మింగావని ఎదురు ప్రశ్న. నన్నెవరూ ఏమీ అడగలేదు. నా మీద ఎవరికీ ఆశలు లేవు.

మరుసటి ఆదివారం అశ్వారావుపేట నుంచి వచ్చిన టీముతో మ్యాచ్. అడవి పల్లెల పిల్లల్లో ఒక్కడే వచ్చాడు. బామ్మర్ది నల్లకళ్లద్దాలతో గీత దగ్గర నిలబడి, కార్నర్ కిక్కు ఎవరిదని రిఫరీనే అడిగాడు. ఆరోజు మా స్టాండు చేసిన పని ఇప్పటికీ మా వైపు చెప్పుకుంటారు. విజిల్ ఊదగానే అందరం గ్రౌండుకు వీపులు తిప్పి కూర్చున్నాం. మాటా లేదు, డోలకూ లేదు. ఎదురుగా ఒక గేదెను కట్టేసి ఉంది, దాని ముఖం గ్రౌండు వైపు. ఆట మొత్తం ఆ గేదె ముఖంలోనే చూశాం. నెమరు ఆపిందంటే బంతి మన వైపు వచ్చినట్టు. చెవులు నిక్కితే ఫౌలు. రెండుసార్లు గేదె కళ్లు మూసుకుంది, రెండూ మాకు పడ్డ గోల్సే. ప్రెసిడెంటు వచ్చి మా ముందు నిలబడి, ఇటు తిరగండ్రని బతిమాలాడు. గేదె కనిపించడం లేదు, పక్కకు జరగమన్నాడు భాయ్. ఆ సాయంత్రమే ప్రెసిడెంటు సారు ఇంటికి పోయి తాళంచెవి తిరిగిచ్చాడు.

ఇక్కడిదాకా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె కూర తరుగుతూ తలెత్తకుండానే, ఒట్లన్నీ వెనక్కి తీసుకోమంది.

ఒప్పుకుంటున్నాను. విజిల్ ఊదాక చెప్పిందంతా నేను కల్పించిందే. గేదె లేదు. వీపులు తిప్పలేదు. తాళంచెవి ఇప్పటికీ బామ్మర్ది దగ్గరే ఉంది.

వీపులు తిప్పి కూర్చోవాలని అనుకున్న మాట నిజం. భాయ్ చెప్పాడు, అందరం సరేనన్నాం. తీరా రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకునే టైముకు మా వెనక మోపెడ్ వచ్చి ఆగింది. సారు. దిగలేదు, సీటు మీదే కూర్చుని చూస్తున్నాడు. గ్రౌండుకు వీపు తిప్పితే ఆయన ముఖం చూడాలి. అది మా వల్ల కాలేదు. మెడలు బిగబట్టుకుని ఆట వైపే చూస్తూ కూర్చున్నాం.

కాసేపటికి వెనక నుంచి గొణుగుడు వినపడింది. "లెఫ్ట్ ఖాళీగుంది. లెఫ్ట్‌కియ్యి బిడ్డా." మాకు తప్ప ఎవరికీ వినపడనంత మెల్లగా. డోలక్ అన్న ఆగలేకపోయాడు, అదే మాట గొంతెత్తి అరిచాడు. బంతి అడవి పల్లె పిల్లాడి కాళ్ల దగ్గరుంది. వాడు మా వైపు చూశాడు. గీత దగ్గర బామ్మర్ది రైటుకు కొట్టమని చెయ్యి ఊపుతున్నాడు. వాడు అటూ చూశాడు. బంతి మీద కాలు పెట్టి అట్లాగే నిలబడిపోయాడు. అవతలివాడు మెల్లగా వచ్చి, పడిపోయిన వస్తువు తీసుకున్నట్టు, బంతి తీసుకుని పోయాడు.

వెనక మోపెడ్ స్టార్టయింది. అప్పుడు కూడా మేము తిరిగి చూడలేదు.