ఆమేన్ అనేసిన ఓట్లు

మా పేటకు కుళాయి లేదు. గుంటూరు చివర, మిర్చి గోదాముల వెనక, ఎనభైలలో మేం కాపురమున్న వీధి అది. మునిసిపాలిటీ పన్ను మాకూ ఉంది, ఓటు మాకూ ఉంది. గొట్టం మాత్రం పక్క వీధి మలుపు దాకా వచ్చి ఆగిపోయింది. మా ఆడవాళ్ళలో చాలామంది గోదాముల్లో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేవారు. సాయంత్రానికి వేళ్ళు భగభగ మండేవి. ఆ చేతులతో కళ్ళు తుడుచుకోకూడదు, పసిబిడ్డను ఎత్తుకోకూడదు. ముందు నీళ్ళు కావాలి.

పక్క వీధిలో ఒక పంతులమ్మగారు ఉండేవారు. ఆవిడ పెరట్లో చేతిపంపు. "ముందు చేతులు కడుక్కోండమ్మా, బిందెల సంగతి తర్వాత" అనేవారు. మావారు పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తా కాబట్టి నేను గోదాముకు వెళ్ళేదాన్ని కాదు. అయినా నా బిందె నిండినప్పుడల్లా ఆవిడ కోసం దేవునికి స్తోత్రం చెప్పుకునేదాన్ని. ఇప్పటికీ చెప్పుకుంటాను.

ఆ ఏడు మునిసిపల్ ఎన్నికల్లో పంతులమ్మగారు మా వార్డుకు నిలబడ్డారు. కుట్టుమిషను గుర్తు. ఎదుట పాత కౌన్సిలరు, పోయినసారి కుళాయి వేయిస్తానని మా ఓట్లు పట్టుకెళ్ళిన మనిషే.

పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది. నేను పిన్ని అని పిలిచేదాన్ని. తొడిమలు తీసీ తీసీ ఆమె గోళ్ళ చుట్టూ పుండ్లు. "ఈసారి మిషను మీదే గుద్దేద్దామే ముద్ర. ఆ మహారాజు మొహం చూసింది చాల్లే" అంది. మిగతా ఆడవాళ్ళూ గుట్టుగా అదే అనుకున్నారు.

అప్పట్లో ఓట్లు మనుషులవారీగా పడేవి కావు, పేటలవారీగా పడేవి. ఫలానా బజారు ఎటు, ఫలానా కులం ఎటు అని పెద్దలు ముందే మాట ఇచ్చేసేవారు. పెట్టె విప్పితే ఏ పేట మాట తప్పిందో తెలిసిపోయేది. మా పేటకు మాట ఇచ్చేది మా చర్చి సంఘపెద్దగారు.

పోలింగుకు ముందు ఆదివారం సాయంత్రం పిన్ని ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టారు. పెద్దగారు ప్రార్థిస్తుంటే కళ్ళు మూసుకుని ఒక్కో మనవికీ ఆమేన్ అనడం మా అలవాటు. జబ్బుపడ్డవాళ్ళ కోసం, ఆమేన్. పరీక్షలు రాసే పిల్లల కోసం, ఆమేన్. మిర్చి ధర కోసం, ఆమేన్. అదే ఊపులో ఆయన, "ప్రభువా, మా వీధికి నీళ్ళు తెస్తానన్న కౌన్సిలరుగారికి జయమియ్యి. ఈ పేట చేతులన్నీ ఆయన వైపే నడిపించు" అన్నారు. అందరితో పాటు నేనూ ఆమేన్ అన్నాను. కళ్ళు తెరిచేసరికి పిన్ని నోటిమీద చెయ్యి వేసుకుని నన్నే చూస్తోంది.

నేను బడికి వెళ్ళలేదు. మా నాన్న ఇంట్లోనే బైబిలు ముందు పెట్టి అక్షరాలు దిద్దించాడు. ప్రార్థన దేవుణ్ణి అడుక్కోవడానికే గాని మనుషుల్ని కట్టేయడానికి కాదని నాకు చెప్పింది ఆయనే. ఉండబట్టలేక గుమ్మం దగ్గర పెద్దగారిని అడిగాను.

"ప్రార్థనలో ఓటు కలిపారేమండీ?"

"ఏమ్మా, నీళ్ళ కోసం ప్రార్థించడం కూడా తప్పేనా?"

"మేం ఆమేన్ అన్నది నీళ్ళకండీ, ఆయనకు కాదు."

"మరి ఆ పంతులమ్మ మన సంఘమా?"

"మన చేతులు కడిగింది ఆవిడేగదండీ."

"మీ ఆయన్ని ఒకసారి పంపించు, మాట్లాడతాను" అంటూ చెప్పులేసుకున్నారు. ఆడదాని ప్రశ్నకు జవాబు అక్కడితో సరి.

మర్నాడు పిన్నిని కదిపాను. "మిషనే కదా పిన్నీ?"

"ఇంకెక్కడి మిషనే తల్లీ? దేవుడి ఎదట ఆమేన్ అనేశాక!"

"చూసుకుని అన్నామా?"

"మా మనవడి జ్వరం తగ్గింది ఆ ఆమేన్‌తోనేనే. ఇప్పుడు మాట తప్పి వాడి మీదకు తెచ్చుకోమంటావా? నీకేం, గుమాస్తా పెళ్ళానివి, ఎన్నైనా చెబుతావు."

నాదీ ఆమెదీ ఒకే దేవుడు. ఆయన ఇంత చిన్న మనసువాడని ఆమెకు ఎవరు చెప్పారో!

పోలింగు రోజు, ఓట్లు వేసే బడి గేటు అవతల పంతులమ్మగారు నిలబడి ఉన్నారు. "చేతులెలా ఉన్నాయి పెద్దమ్మా?" అని పిన్నిని పలకరించారు. పిన్ని చేతులు కొంగులో దాచుకుని గబగబా లోపలికి వెళ్ళింది. నేను మిషను మీద ముద్ర గుద్దాను. మా పెట్టె విప్పితే అందులో దాదాపు అన్నీ కౌన్సిలరువే. ఆయన గెలిచాడు. గొట్టం ఆ మలుపు దగ్గరే ఉంది.

ఓట్లు లెక్కించిన సాయంత్రం పంపు దగ్గరికి ఒక్కరూ వెళ్ళలేదు. పిన్ని అరుగు మీద కూర్చుని మండే వేళ్ళను ఊదుకుంటోంది. నేనే బిందె తీసుకుని వెళ్ళాను. "ఏరమ్మా మీవాళ్ళు? ఇవ్వాళ మండటంలేదా చేతులు?" అన్నారు పంతులమ్మగారు. నవ్వారు గానీ, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆవిడే పంపు కొట్టారు. ఆ నీళ్ళు తెచ్చి పిన్ని చేతులమీద పోశాను. తలెత్తకుండా కడుక్కుంది.

తర్వాతి కూడిక మా ఇంట్లో. ఇంటావిడగా స్తుతి చెల్లించే వంతు నాది. "ప్రభువా, ఓడిపోయి కూడా మాకు పంపు కొట్టిన ఆ తల్లి కోసం నీకు వందనాలు" అన్నాను. పెద్దగారు దగ్గారు. పిన్ని గొంతు చిన్నగా, "ఆమేన్" అంది. ఆ తర్వాత మిగతా ఆడవాళ్ళు.

సంతోషించాల్సింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇన్ని ఆమేన్‌లూ ఓటేసే రోజు ఏమైపోయాయి తండ్రీ అనుకుంటూ, ఖాళీ బిందెలకేసి చూస్తూ కూర్చున్నాను.