ఒక్క వరుస కుట్టు

2011లో నారాయణగూడలోని ఒక దుకాణంలో, కొండలెక్కేవాళ్లు తాడు తగిలించుకునే నడుం బెల్టులు కుట్టేదాన్ని. ఒకప్పుడు తనూ కొండలెక్కిన మా ఓనరు, రంగుల కేటలాగు నిండా తన ఫొటోలే వేసుకుని, పోస్టులో సరుకు అమ్మేవాడు.

"రెండు వరుసలెందుకక్కా? ఫొటోల ఒక్కటే కనబడతది" అని ఒక్క వరుస కుట్టే వేయించేవాడు.

ఒకరోజు కూతుర్ని వెంటబెట్టుకుని ఆమెకి బెల్టు కొనడానికొచ్చిన ఒకాయన, దుకాణం దూలానికున్న కొక్కెం చూపించి, "మీరే కట్టుకుని ఈ కొక్కేనికి వేలాడి చూపించండి సార్" అన్నాడు.

ఓనరు ముఖం పాలిపోయింది. "నాకు నడుం నొప్పి. అక్కా, జర నువ్వు చూపియ్యి."

"కుట్టింది నేనే సార్. నేను కట్టుకోను" అన్నాను.

ఆయన కూతుర్ని తీసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రానికి నా పని పోయింది. నేలకు మూడడుగుల ఎత్తున వేలాడడానికే వణికిన ఆ పిరికివాణ్ని తలచుకుంటే ఇప్పటికీ అసహ్యం. కానీ అప్పటికే పోస్టులో వెళ్లిపోయిన బెల్టులన్నీ కుట్టింది నా చేతులే.