మిన్నెసోటా మాత్రం మారదన్నాను

ఆ రోజుల్లో కూడా తెలివితక్కువవాళ్లు ఉండేవాళ్లు కానీ, వాళ్ల తెలివితక్కువతనం గుమ్మం దాటి పెద్దగా పోయేది కాదు. ఇప్పుడంటే చేతిలో ఫోనుంది, నోటికొచ్చింది అంటే అది క్షణంలో ఏడు సముద్రాలు దాటుతుంది, అన్నవాడు హాయిగా నిద్రపోతాడు. అప్పట్లో తప్పుడు జోస్యం చెప్పాలన్నా ఎదురుగా వినేవాళ్లు కూర్చోవాలి, వాళ్లకు టీ పొయ్యాలి, మర్నాడు పొద్దున్నే మళ్లీ వాళ్ల మొహాలే చూడాలి. అలా వేరే దారి లేక నా జోస్యాలు విన్న ఇద్దరు మంచి మనుషులున్నారు. జోస్యం అమెరికా సెనేటు ఎన్నికల గురించి. చెప్పిన చోటు కువైట్‌లో, సాల్మియాలో ఒక మూడో అంతస్తు వంటిల్లు. కాలం, ఇరాక్ సైన్యం వచ్చి ఊరి మీద కూర్చున్న కాలం. (ఈ మూడింటికీ పొంతన ఏమిటని మీరు అడగొచ్చు. ఒక ఇరాకీ ఆఫీసరు కూడా అదే అడిగాడు. అక్కడికే వస్తున్నాను.)

నేనప్పుడు రాయచోటి నుంచి కొత్తగా వచ్చి, సాల్మియాలో రేడియోలూ టేపు రికార్డర్లూ అమ్మే కొట్లో సేల్స్‌మన్‌గా ఉండేవాణ్ణి. కడపలో రాజనీతి శాస్త్రం ముఖ్యాంశంగా బి.ఏ. గట్టెక్కాను. ఎన్నికల విషయంలో నాకు నా మీద ఉన్న గౌరవం ఇంతా అంతా కాదు. మా ఊరి పంచాయతీ ఎన్నికల్లో మా వార్డులో ఎవరు గెలుస్తారో ముందే చెప్పి, సరిగ్గా నిలబెట్టుకున్న ఘనత నాది. (రెండో అభ్యర్థి పోలింగుకు ముందే తప్పుకున్న సంగతి నేను ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు.) నాతో పాటు ఆ ఫ్లాటులో ఉండేది మా రాయచోటి మనిషే, ఒక హోటల్లో పెద్ద వంటవాడు, అందరికీ భాయ్. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. బిర్యానీ విషయంలో తప్ప ఎందులోనూ తనకు అభిప్రాయం లేదనేవాడు. అలాంటి మనిషి దొరకడం నాలాంటివాడికి వరం.

ఆగస్టు నెలలో ఒక గురువారం తెల్లవారి లేచేసరికి సముద్రం రోడ్డు మీద ట్యాంకులున్నాయి. మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన కొట్టు యజమాని, ఎండలకు తట్టుకోలేక అప్పటికే ఏదో చల్లటి దేశంలో ఉన్నాడు. కొట్టు షట్టరు పగిలింది, లోపలి సరుకంతా లారీలెక్కి బస్రా దారి పట్టింది. రిపేరుకని ఇంటికి తెచ్చుకున్న ఒక చిన్న రేడియో మాత్రం నాకు మిగిలింది. భాయ్ పనిచేసే హోటలు మూతపడుతూ రెండు మూటల బియ్యాన్నీ, ఒక మూట ఉల్లిగడ్డల్నీ మాకు మిగిల్చింది. ఆ తర్వాత మా వంటింటికి, నేను అక్క అని పిలిచే ఒకామె వచ్చింది. పుల్లంపేట మనిషి, మా వెనక సందులో ఒక కువైటీల ఇంట్లో పనిచేసేది. ఆ ఇంటివాళ్లు పిల్లల్ని కార్లో ఎక్కించుకుని సౌదీ వైపు పారిపోతూ, వారంలో వస్తాం, ఇల్లు చూసుకొమ్మని చెప్పి పోయారట. ఒక్కతే అంత ఇంట్లో ఉండటానికి భయపడుతుంటే, భాయ్ మా పక్క ఫ్లాటు తలుపు తీసిచ్చాడు. సెలవు మీద ఊరికెళ్లిన ఒక కుటుంబం తాళం ఆయనకే ఇచ్చి పోయింది. అక్క నిద్ర అక్కడ, భోజనం మా వంటింట్లో. రోజూ పొద్దున్నే పోయి ఆ ఇల్లు ఊడ్చి వచ్చేది.

రేడియోలో ఇంగ్లీషు వార్తలు వినేవాణ్ణి. అమెరికా సైన్యం సౌదీలో దిగుతోందని, యుద్ధం ఎప్పుడన్నది అక్కడి రాజకీయాల మీద ఆధారపడుతుందని, నవంబరులో అక్కడ మధ్యంతర ఎన్నికలున్నాయని విన్న క్షణంలో నా గుండె పొంగింది. దేశం కాని దేశంలో చిక్కుకుని, పని పోయి, జేబులో పనికిరాని దినార్లు పెట్టుకుని కూర్చున్నవాడికి చివరికి తనకు తెలిసిన సబ్జెక్టు ఒకటి ఎదురొచ్చింది.

"భాయ్, అమెరికాలో మధ్యంతర ఎన్నికలు!" అన్నాను.

"యా అల్లా, అక్కడ గూడా గవర్మెంటు పడిపోయిండాదా?" అన్నాడు భాయ్ ఉల్లిగడ్డ తరుగుతూ.

"పడిపోలేదు భాయ్. నాలుగేండ్లకు నడిమధ్యలో వాళ్లకు మామూలుగానే వస్తాయి."

"పడిపోకుండా మధ్యంతరం యాడిదబ్బీ?"

ఈ ఒక్క ముక్క ఆయనకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు రెండు పూటలు పట్టింది. ఈలోపు అక్కకు అంతా అర్థమైంది. ఆమెకు కావలసింది ఒకటే, తన ఇంటి యజమానురాలు, ఆమె మాటల్లో మామా, తిరిగి రావడం. "ఇవన్నీ అయినాక మా మామా ఎప్పుడొస్తాది? చిన్నపిల్ల నా చేత్తో తప్ప తినదు, ఆడ ఎట్లుండాదో."

నేను చిరునవ్వు నవ్వాను. (ఆ నవ్వు ఎలా ఉండేదో నాకిప్పటికీ గుర్తుంది, కాబట్టే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.) "అక్కా, ఆ సంగతి అయోవా రాష్ట్రంలో తేలాలి," అన్నాను.

మర్నాడు ఒక ఫ్రిజ్జు అట్టపెట్టె విప్పి, దాని వెనక వైపు స్కెచ్ పెన్నుతో అమెరికా పటం గీసి వంటింటి గోడకు తగిలించాను. ఏ రాష్ట్రం ఎక్కడుందో నాకు సగమే తెలుసు. మిగతా సగం ఖాళీ ఉన్నచోట పెట్టాను. పటం మొత్తం ఎండకు ఆరేసిన బర్రెతోలులా వచ్చింది. గట్టి పోటీ ఉందని రేడియో చెప్పిన రాష్ట్రాలకు గుండ్రాలు చుట్టాను. వాళ్ల ప్రెసిడెంటు ప్రచారానికి ఎటు పోతాడో ఎర్రటి బాణాలు వేశాను. ఇక రోజూ సాయంత్రం టీ దగ్గర గరిటె చేతపట్టుకుని ఉపన్యాసం. నా సిద్ధాంతం చాలా సులువు. కువైట్ గొడవతో పెట్రోలు ధర పెరిగింది, ధర పెరిగితే జనానికి కోపమొస్తుంది, కోపమొస్తే సిట్టింగు సభ్యుడు ఇంటికే. మా కడప జిల్లాకు పనికొచ్చిన సూత్రం అయోవాకు మాత్రం ఎందుకు పనికిరాదు? కాబట్టి అయోవాలో సిట్టింగుకు ఆరణాలు, ఎదుటివాడికి పదణాలు. మిషిగన్‌లో కార్లు చేసేవాళ్లు ఎక్కువ, పెట్రోలు దెబ్బ వాళ్లకే, కాబట్టి సిట్టింగు పోయాడు. నార్త్ కెరొలినాలో సిట్టింగుకు పావలా కూడా లేదు. ఒక్క మిన్నెసోటా మాత్రం మారదన్నాను.

"అదేంది, ఆ ఊరికి మటుకు?" అన్నాడు భాయ్.

"అది మంచు దేశం భాయ్. చలిలో ఉండేవాళ్లు నిదానస్తులు. ఇంట్లోనుంచి బయటికి రావడానికే ఆలోచిస్తారు, ఇంగ ఉన్నోణ్ణి మార్చడానికి ఎందుకొస్తారు?"

ఇందులోంచి నేను తీసిన తీర్పు ఏమంటే, ఇన్ని చోట్ల ఓడిపోయే భయముంది కాబట్టి ఎన్నికలయ్యేదాకా అమెరికా ఒక్క తూటా కూడా పేల్చదు, అందాకా మనం నిశ్చింతగా ఇక్కడే ఉండొచ్చు, ఈలోగా రాజీ కుదురుతుంది, కఫీల్ వస్తాడు, కొట్టు తెరుస్తాడు. అప్పటికే మనవాళ్లు బస్సులు మాట్లాడుకుని బస్రా మీదుగా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, అక్కణ్ణుంచి విమానాల్లో బొంబాయి పోతున్నారు. మా బిల్డింగు సగం ఖాళీ అయింది. ఒక బస్సువాడు మా కోసం కూడా వచ్చి అడిగితే, మిషిగన్ సంగతి తేలనివ్వండని నేనే పంపేశాను. భాయ్ నా మొహం చూసి ఊరుకున్నాడు. అక్క తన మామా కోసం ఎదురుచూడటానికి ఒక సాకు దొరికిందని ఊరుకుంది. ఇద్దరూ నన్ను నమ్మి ఆగారనే అనుకున్నాను, గర్వపడ్డాను కూడా.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం తలుపు మీద తుపాకీ మడమతో కొట్టారు. ఒక ఆఫీసరు, వెనక ఒక సిపాయి. ఆయుధాల కోసమో, దాక్కున్నవాళ్ల కోసమో బిల్డింగంతా వెతుకుతున్నారు. ఆఫీసరుకు నలభై ఏళ్లుంటాయి, నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "హిందీ?" అన్నాడు మమ్మల్ని చూసి. మన దేశంవాళ్లని వాళ్లు అలాగే అంటారు. అవునన్నాం. తలూపాడు, గదులు చూశాడు, పెద్దగా పట్టించుకోలేదు. పోయేవాడే. కానీ సిపాయి వంటింట్లోంచి కేకేశాడు.

అప్పుడు చూశాను నా పటాన్ని మరొకరి కళ్లతో. ఒక పక్కన సముద్రం. గుండ్రాలు. గుండ్రాల మీదికి దూసుకుపోతున్న ఎర్ర బాణాలు. యుద్ధ పథకం అంటే ఇలాగే ఉంటుందని సైనికుడే కాదు, సినిమా చూసిన ఎవడైనా చెప్తాడు.

"శిను హాదా?" ఇదేమిటన్నాడు ఆఫీసరు.

ఆ ఊళ్లో, ఆ నెలలో, ఆ మనిషి ఎదుట అనకూడని మాట ఒక్కటంటే ఒక్కటి ఉంది. నేను సరిగ్గా అదే అన్నాను. "అమ్రీకా."

సిపాయి తుపాకీ నా వైపు తిరిగింది. నాకొచ్చిన అరబ్బీ అంతా బ్యాటరీల ధర, గ్యారంటీ కార్డు గురించి. దాంతో సెనేటును ఎలా వివరించను? చూపుడువేలికి సిరా రాసుకున్నట్టు చూపించాను. కాగితం మడిచి డబ్బాలో జాగ్రత్తగా దించినట్టు చూపించాను. అది బాంబు పెట్టే పద్ధతి అనుకున్నాడేమో, సిపాయి ఒక అడుగు వెనక్కి వేసి తుపాకీ భుజానికెత్తాడు. వెనక అక్క "స్వామీ, స్వామీ" అంటోంది.

అప్పుడు భాయ్, ఏ విషయంలోనూ అభిప్రాయం లేని మా భాయ్, చేతిలో ఉన్న ఉల్లిగడ్డ కింద పడేసి గట్టిగా అరిచాడు. "ఇంతిఖాబ్ సార్, ఇంతిఖాబ్! అమ్రీకా ఇంతిఖాబ్!" ఎన్నికలకు ఉర్దూలో ఉన్న ఆ మాట ఇంచుమించు అరబ్బీలోనూ ఉండటం ఆ దేవుడు చేసిన ఉపకారం.

"ఇంతిఖాబాత్?" ఆఫీసరు పటాన్నీ, నన్నూ, మళ్లీ పటాన్నీ చూశాడు. సిపాయి తుపాకీని చేత్తో కిందికి దించాడు. "ఎన్నికలు అమెరికాలో. నువ్వు హిందీవి. ఉన్నది ఇక్కడ. నీకెందుకు?"

అంతకన్నా న్యాయమైన ప్రశ్న నన్ను ఆ రోజుకీ ఈ రోజుకీ ఎవరూ అడగలేదు. నా రోగం నాది కాబట్టి, ఒక్కో గుండ్రం మీద వేలు పెట్టి చెప్పడం మొదలుపెట్టాను. ఈ మనిషి ఖలాస్. ఈ మనిషి ఖలాస్. ఇక్కడ, మిన్నెసోటా, ఈ మనిషి ఉంటాడు. ఆఫీసరు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, చిన్న గొంతుతో, సిపాయికి వినపడకూడదన్నట్టు అడిగాడు. "హర్బ్ ఉందా? లేదా?" యుద్ధం సంగతి.

"నవంబరు దాకా మాఫీ," లేదన్నాను.

"నవంబరు తర్వాత?"

నోరు తెరిచాను. ఏ రాష్ట్రానికి ఎన్నణాలో చెప్పినవాణ్ణి, ఆ మనిషి మొహం చూస్తూ ఈ ఒక్కటి చెప్పలేకపోయాను. భాయ్ గ్లాసులో టీ పోసి ఆయన చేతికిచ్చాడు, సిపాయికి కూడా. ఇద్దరూ తాగారు. లేచి వెళ్తూ ఆఫీసరు గోడవైపు చూపించి, అగ్గిపుల్ల గీసినట్టు చేశాడు. "ఇంకొకడు వస్తే టీ తాగడు," అన్నాడు.

వాళ్ల బూట్ల చప్పుడు మెట్లు దిగిపోయేదాకా మేము కదల్లేదు. ఆ తర్వాత అక్క లేచి, పటాన్ని గోడ నుంచి పీకి, ముక్కలు చేసి పొయ్యిలో పెట్టింది. కెరొలినాలు రెండూ, నార్తూ సౌతూ, ముందు కాలాయి.

"అబ్బీ," అంది నా వైపు తిరిగి, "ఇన్ని దినాలు ఇన్ని చెప్తివి. ఆయప్ప అడిగిన దానికి నోరు రాలేదే నీకు. మా మామా గూడా ఇప్పట్లో రాదు, నాకు తెలుసులే. ఇంగ పోదాం పదండి."

"పోదాం," అన్నాడు భాయ్. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు.

తర్వాతి బస్సులో బయల్దేరాం. బస్రా, బాగ్దాద్, ఆ తర్వాత జోర్డాన్ సరిహద్దులో డేరాలు, నీళ్ల కోసం వరసలు, దుమ్ము. డేరాలో ఎవరో నన్ను చదువుకున్నవాడిలా ఉన్నావని, విమానం ఎప్పుడొస్తుందని అడిగితే, నేను గొంతు సవరించుకునేలోపే భాయ్ అందుకున్నాడు. "ఆ అబ్బిని అడగొద్దు నాయనా. ఆయన చెప్తే వచ్చే విమానం గూడా వెనక్కి పోతాది." అన్నం తింటున్న అక్క, కువైట్ వదిలాక మొదటిసారి పగలబడి నవ్వింది.

నవంబరు వచ్చేసరికి నేను రాయచోటిలో ఉన్నాను. భాయ్ తన బావమరిది హోటల్లో మళ్లీ పొయ్యి దగ్గర చేరాడు. ఫలితాలు రేడియోలో విన్నది అక్కడే, బెంచీ మీద కూర్చుని. అయోవాలో సిట్టింగు గెలిచాడు. మిషిగన్‌లో గెలిచాడు. పావలా కూడా లేదన్న నార్త్ కెరొలినాలోనూ గెలిచాడు. అమెరికా మొత్తం మీద సెనేటుకు నిలబడి ఓడిపోయిన సిట్టింగు సభ్యుడు ఒకే ఒక్కడు. ఆయనది మిన్నెసోటా.

రేడియో కట్టేసి భాయ్‌కి చెప్పాను. ఆయన గరిటె పక్కన పెట్టి, నా భుజం తట్టాడు. "బాధపడొద్దబ్బీ. నువ్వు చెప్పిందాన్ని తిరగేసి చూసుకుంటే అన్నీ కరెక్టే గదా. ఈ తిరగేసే ఇకమతు మాకు ముందే చెప్పింటే సరిపోయేది."

ఎన్నికలయ్యేదాకా యుద్ధం రాదన్న నా మాట మాత్రం నిజమైంది. ఎన్నికలైన వెంటనే మరింత సైన్యాన్ని పంపుతున్నామన్నారు, కొత్త సంవత్సరం వస్తూనే బాంబులు పడ్డాయి. ఆ సంగతి గుర్తు చేస్తే భాయ్ కాదనలేదు, అవుననీ అనలేదు. బిర్యానీ దమ్ము మీద ఉందన్నాడు. యుద్ధం అయిపోయాక అక్కకు ఆ ఇంటి నుంచి కబురొచ్చింది, మళ్లీ వెళ్లింది, చాలా ఏళ్లు ఉంది. ఆ ఆఫీసరు ఏమయ్యాడో నాకు తెలియదు. సాల్మియాలో టీ తాగి, మెట్లు దిగి వెళ్లాడు, అంతవరకే.

ఇప్పుడు నాకు భాయ్‌కి అప్పుడున్న వయసు కూడా దాటిపోయింది. గరిటె పట్టుకుని అట్టముక్క ముందు నిలబడ్డ ఆ కుర్రవాడు అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. పిలిచి గమ్మునుండరా అని చెప్పాలనిపిస్తుంది మొదట. తర్వాత ఎందుకో చెప్పబుద్ధి కాదు. వాడు గమ్మునుంటే ఆ సాయంత్రాల్లో మా వంటింట్లో వినడానికి ట్యాంకుల చప్పుడొక్కటే ఉండేది.