దొరగారి గంజి లాగు

గంజి వల్ల ఒక దొరతనం కూలిపోయిన సంగతి మీకు ఏ చరిత్ర పుస్తకంలోనూ దొరకదు. ఎందుకంటే అది కూలింది చిక్కడపల్లిలో, ఒక అద్దె వేదిక మీద, సరిగ్గా నా నడుము కింద. కుర్రతనం నుంచి ఒక్క రోజు మానకుండా డైరీ రాసేవాణ్ణి. ఆ రోజు మాత్రం ఒకే వాక్యం రాసి పడుకున్నాను: "ఎండ ఎక్కువ." మిగిలింది ఇప్పుడు చెబుతాను.

అప్పటికి నేను రిటైరై ఏడాది కాలేదు. సర్వే ఆఫీసులో నక్షలు గీసి బతికినవాడికి కొలవడానికేమీ లేని రోజు ఏకాదశి లాంటిది. అశోక్‌నగర్‌లోని మా ఇంటి గదులన్నీ అప్పటికే కొలిచేశాను. వంటింట్లోకి టేపు పట్టుకుని వెళితే మా ఆవిడ విమల తలుపు వేసేసింది. సరిగ్గా అప్పుడు నారాయణగూడ నుంచి మిత్రుడు నర్సింగరావు వచ్చి, తన నాటకంలో దొర వేషం వేయమన్నాడు.

నర్సింగరావు ఉద్యోగం చేసినంత కాలం సెలవు రోజుల్లో ఈ ఒక్క నాటకాన్నే రాశాడు, కొట్టేశాడు, మళ్లీ రాశాడు. అతని భార్య సులోచన అందులో ఒక్క పేజీ చదివిన పాపాన పోలేదు. "ఆయన కాగితాలు ఖరాబు చేస్తాడు, నేను వాటిలో పల్లీల పొట్టు వేస్తాను" అని అందరి ముందూ అనేది. ఇప్పుడు మా వృద్ధుల సంఘం వార్షికోత్సవంలో ఆ నాటకం వేస్తున్నారు. సులోచన మొదటి వరసలో కూర్చుంటానని మాటిచ్చింది.

"ఇది విషాద నాటకం, సుదర్శన్," అన్నాడు నర్సింగరావు, నా చెయ్యి పట్టుకుని. "దొర నడిచొస్తుంటే సులోచన గుండె జల్లుమనాలె. ఆఖరికి దొర వచ్చి రైతు కాళ్ల మీద పడితే ఆమె కండ్లల్ల నీళ్లు రావాలె. గంతే. నాకింకేం వద్దు."

రైతు వేషం అతనిదే. మాటిచ్చాను. ఇక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

షేర్వానీ కిరాయికి దొరికింది. తొడుక్కుని అద్దంలో చూసుకుంటే దొరలా లేను, కొక్కేనికి తగిలించిన దొర బట్టల్లా ఉన్నాను. అంబర్‌పేటలో ఉండే మా మేనత్త దగ్గర మా తాత షేర్వానీలో దిగిన ఫోటో ఒకటి ఉంది. వెళ్లి తెచ్చుకున్నాను. మోకాళ్ల దాకే ఉన్న ఆ ఫోటోలో తాత బోర్లించిన గంగాళంలా నిండుగా ఉన్నాడు. పైన చూస్తే బక్క మనిషే. నడుము దగ్గర మొదలవుతుంది ఆ వైభవం.

భూతద్దం తీశాను. స్కేలు తీశాను. ఆ పైబట్ట అలా నిలబడిందంటే లోపల దాన్ని నిలబెట్టే బట్టేదో ఉండాలి. అంటే ఆ కాలం వాళ్లు తొడిగే నాడా లాగు. మామూలు లాగు కాదు, నిండా కుచ్చిళ్లు పెట్టి, గంజితో బిగించిన లాగు. "పైన పటారం, లోన లొటారం" అన్నారు పెద్దలు. లోన కూడా పటారమే ఉంటే పైదానికి ఢోకా లేదని నేను ఒక అడుగు ముందుకు వేశాను. పెద్దలు అక్కడే ఎందుకు ఆగారో తర్వాత తెలిసింది.

గ్రాఫు కాగితం మీద లాగు నక్ష గీశాను. ఉత్తరం దిక్కు బాణం గుర్తు కూడా అలవాటు కొద్దీ వేశాను. నారాయణగూడ చౌరస్తాలో సగం తాను లాంగ్‌క్లాత్ గుడ్డ అడిగితే దుకాణదారు ఎన్ని దిండ్లకు అని అడిగాడు. ఒక్క లాగుకే అంటే, నా నడుము వైపు జాలిగా చూసి కత్తెర అందుకున్నాడు. విమల కుట్టుమిషన్ను నేనే రాత్రీ పగలూ తొక్కి, సూదులు విరిచి, చివరికి లాగు తయారు చేశాను. రెండు కాళ్లలోనూ ఒక్కో సంసారం ఉండొచ్చు.

ఇక గంజి. తాగడానికి గంజి లేదు, లాగుకు మాత్రం కడివెడు అన్నట్టుంది మా ఇంటి సంగతి. విమల వార్చిన గంజి నాకు ఉత్త నీళ్లలా అనిపించింది. సగ్గుబియ్యం తెచ్చి, గరిటె నిలబడేంత చిక్కగా కాచి, అందులో లాగును ముంచి మేడ మీద ఆరేశాను. సాయంత్రం వెళ్లి తీగ మీంచి దించితే అది పడలేదు. తనంతట తానే నిలబడింది.

విమల దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది.

"మీరు లోపల లేకున్నా మంచిగనే నిలబడ్డది," అంది. "ఇగ మీరెందుకు పోవుడు? దీన్నే పంపుండ్రి నాటకానికి."

కళాకారుణ్ణి ఇంట్లో వాళ్లు గుర్తించరని సరిపెట్టుకున్నాను.

నాటకం రోజు హాలు నిండింది. సంఘం వాళ్లు ఉచితంగా టీ ఇస్తున్నారని తెలిసి, మా వీధి హాస్టళ్లలో పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్లందరూ వచ్చారు. మొదటి వరసలో సులోచన, పక్కన మా మేనత్త. లాగు మీద కిరాయి పైజామా, దాని మీద షేర్వానీ తొడిగాను. అద్దంలో సాక్షాత్తూ మా తాత గంగాళం.

తెర లేచింది. నర్సింగరావు రాసిన ప్రకారం దొర రాకముందు వేదిక మీద నిశ్శబ్దం. ఊరు ఊపిరి బిగబట్టాలి. నేను అడుగు వేశాను.

పట.

ఇంకో అడుగు. పటపట. నెమ్మదిగా నడిస్తే తగ్గుతుందనుకున్నాను. నెమ్మదిగా నడిస్తే ఒక్కో చప్పుడూ విడివిడిగా, స్పష్టంగా వినిపించింది. వెనక వరసలోంచి ఒక కుర్రాడు, పరీక్షలో అనుమానం అడిగినంత వినయంగా అన్నాడు: "తాతా, జేబుల అప్పడాలున్నయా?"

హాలు గొల్లుమంది. నేను దర్జాగా షేర్వానీ వెనకభాగం ఎత్తి గద్దె మీద కూర్చున్నాను. అప్పడాల బుట్ట మీద ఏనుగు కూర్చుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

తర్వాత చప్పుడు తగ్గింది. బతికాననుకున్నాను. కానీ ఎదురుగా పెద్ద దీపాలు, ఒంటి నిండా బట్టలు. చెమటకు సగ్గుబియ్యం గంజి తన పూర్వరూపం గుర్తు తెచ్చుకుంటోంది. నా కింద మెల్లగా పాయసం తయారవుతోందని నాకొక్కడికే తెలుసు. పైజామా పలచటిది. నా గద్దె అంటారా, ఎర్ర మఖ్మల్ గుడ్డ కప్పిన ప్లాస్టిక్ కుర్చీ.

చివరి ఘట్టం వచ్చింది. రైతు నర్సింగరావు కన్నీళ్లతో ఎదురు నిలిచాడు. దొర గుండె కరగాలి. లేచి వచ్చి కాళ్ల మీద పడాలి. నేను లేవలేదు.

"లేవయ్యా," అన్నాడు నర్సింగరావు పెదవి కదలకుండా.

"లేస్తే గద్దె గుడ్డ గూడ వస్తది," అన్నాను.

"రానీ. సులోచన చూస్తున్నది."

లేచాను. గుడ్డ కూడా లేచింది. దొర వెనక ఎర్రటి తోక, దాని వెనక బయటపడిన తెల్ల ప్లాస్టిక్ కుర్చీ. ఆ తోకతోనే నడిచి వెళ్లి నర్సింగరావు కాళ్ల మీద పడ్డాను. మాటిచ్చాను కదా. తెర దించేవాడు నవ్వుతూ తాడు వదిలేయడంతో ఆ తెర ఒక్కటే సరైన సమయానికి పడింది.

తెర వెనక నర్సింగరావు నా వైపు చూడలేదు. తలపాగా విప్పి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అతని ముప్పై ఏళ్ల సెలవులన్నీ ఆ తలపాగాలో ఉన్నట్టు దాన్ని మడత పెడుతున్నాడు. అప్పుడే సులోచన వచ్చింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. చెంపల మీద నీళ్లు ఇంకా ఆరలేదు.

"ఇంత మంచిగ రాస్తవని నాకొక్కసారన్న చెప్పలేదేంది?" అని అడిగింది భర్తని. "నవ్వీ నవ్వీ కడుపు నొస్తున్నది. ఆ తోక ముచ్చట ఎట్ల తోచింది నీకు?"

నర్సింగరావు నా వైపు చూశాడు. నేను నా తోక వైపు చూసుకున్నాను. అతను తలపాగా పక్కన పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"ఊకెనే తోచిందా?" అన్నాడు. "ఎన్నో ఏండ్లు కష్టపడితే తోచింది."

ఆ రాత్రి మేనత్తను ఆటోలో అంబర్‌పేటలో దింపడానికి బయలుదేరాను. లాగు తీసేసి లుంగీలో ఉన్నాను. ఫోటో తిరిగి ఇస్తూ, తాత ఇలాంటి లాగులో రోజంతా ఎలా గడిపాడో అన్నాను.

"లాగా?" అంది మేనత్త. "మా నాయిన బతికినన్నొద్దులు లాగు మొఖం చూడలే. ఆ షేర్వానీ గూడ ఆయనది గాదు అల్లుడా, ఫోటో దుకాణపాయనది. వచ్చినోళ్లందరికి అదే తొడిగేటోడు. మా నాయిన ధోతి ఇడువనంటే, ధోతి మొత్తం పైకి దోపి దాని మీదనే గుండీలు పెట్టిండు. ఆ ఉబ్బు ధోతిది."

"ముందే చెప్పొద్దా అత్తా?"

"నువ్వు ఫోటో అడిగినవ్, ఇచ్చిన. లోపలేముందని అడిగినవా?"

ఆ లాగు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. విమల కాళ్ల చివరలు కుట్టేసి చింతపండు నింపి పెట్టింది. ఒక్కో కాలిలో ఏడాదికి సరిపడా పడుతుంది. దాని నాడా మీద చెయ్యి వేసి, భార్య సాక్షిగా, ఈ కింది ప్రతిజ్ఞ చేశాను: ఇక మీదట ఏ మనిషి పైబట్టను చూసీ లోబట్టను లెక్క కట్టను. గంజి అంటూ ముట్టుకుంటే గ్లాసులో పోసుకుని, ఉప్పేసుకుని తాగడానికే. నర్సింగరావు రాసింది విషాద నాటకమని సులోచనకు ఈ జన్మలో చెప్పను.

ఈ కాగితాలు మాత్రం ఆమె పల్లీల పొట్టుకు దొరక్కుండా మీరే చూసుకోవాలి.