చెక్కమ్మ కథలో మసిగుడ్డ

ఒక గుడ్డముక్క బరువెంత ఉంటుంది? పాత పంచె చింపి, నాలుగు మడతలు పెట్టి కుట్టిన మసిగుడ్డ. దాన్ని ముప్పయ్యేళ్ళకు పైగా మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు, ఆవిడ పోయింది. మీకు చెబుతున్నాను. ఎందుకంటే మీరెవరో నాకు తెలీదు, నా మొహం మీకు తెలీదు. ధైర్యం అనుకునేరు! నా పిరికితనానికి ఇంతకంటే మంచి చోటు దొరకలేదు, అంతే.

అప్పుడు నేను నర్సీపట్నంలో బడిపంతుల్ని. మన్యంలో పితూరీ అణిగి ఏడాదో రెండేళ్ళో అయింది. ఊళ్ళో పోలీసులు పలచబడ్డారు, జనం మళ్ళీ అరుగుల మీద కబుర్లకు కూర్చుంటున్నారు. నాకు కథల పిచ్చి. మద్రాసు పత్రికలో రెండు కథలు అచ్చయ్యాయి, నలుగురు భేష్ అన్నారు. ఇక నా కాళ్ళు నేల మీద ఆనితే ఒట్టు.

ఒకరోజు కొట్లో బెల్లం పొట్లం కట్టిచ్చిన పాత ఇంగ్లీషు పేపర్లో నాలుగు వాక్యాల వార్త చదివాను. సీమదేశాల్లో ఎక్కడో నాటకం ఆడారట. అందులో మనుషులే పనికోసం మనుషుల్ని తయారు చేస్తారట. నాకు పూనకం వచ్చింది. తెలుగులో ఇలాంటిది ముందు నేనే రాయాలి! మరమనిషి అని పేరు కూడా పెట్టేశాను. ఏటికొప్పాకలో ఒక బొమ్మల పనివాడు కర్రతో నిలువెత్తు ఆడబొమ్మను చేసి, లక్క పూసి, పొట్టలో గడియారం చక్రాలు బిగిస్తాడు. నర్సీపట్నం గుమాస్తా ఒకడు దాన్ని ఇంటికి తెచ్చుకుంటాడు. అది పని చేస్తుంది, మాట్లాడుతుంది, ఆలోచిస్తుంది కూడా. దాని పేరు చెక్కమ్మ.

బాగానే ఉంది. కానీ చెక్కమ్మ ఎలా మాట్లాడాలి? ఆలోచన ఉండి బాధ లేని మనిషి ఎలా ఉంటుంది? జుట్టు పీక్కుంటుంటే పెరట్లోంచి వినబడింది: "అయిపోనాది బాబూ!"

పైడమ్మ. మా ఇంట్లో అంట్లు తోమి, నీళ్ళు తోడి, వడ్లు దంచే మనిషి. రోలుగుంట వైపు పల్లె ఆవిడది. మొగుడు లేడు, పిల్లలు లేరు, ఉన్నవి రెండు చేతులు. ఏ పని చెప్పబోయినా ముందే "అయిపోనాది బాబూ" అనేది. అలిసిపోయావా అన్నా, తిన్నావా అన్నా, జ్వరమా అన్నా ఒకటే జవాబు: "నాకేటి బాబూ." ఆ రెండు మాటలూ ఎత్తుకెళ్ళి చెక్కమ్మ నోట్లో పెట్టాను. అక్కడితో ఆగి ఉంటే ఈ కాగితం రాసేవాణ్ణి కాదు. రాసేవాళ్ళందరూ చేసేదేగా అని సర్దుకునేవాణ్ణి.

ఆగలేదు. చెక్కమ్మకు నిజంగా బాధ తెలీదా అని కథలో గుమాస్తా పరీక్ష పెట్టాలి. ఆ ఘట్టం నాకు చేతకాలేదు. నాలుగుసార్లు రాశాను, నాలుగుసార్లు చించాను. అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. వచ్చినప్పుడు నామీద నాకు అసహ్యం వేసిందా? ఇన్నేళ్ళుగా అడుగుతూనే ఉన్నాను. వేసిందని చెప్పుకోవాలని ఎంత ఆశో! వేయలేదు. ఉత్సాహం పుట్టింది. థూ.

మా పెరట్లో నీళ్ళపొయ్యి ఉండేది. పొద్దున్నే స్నానానికి దాని మీద ఇత్తడి బిందెతో నీళ్ళు కాగేవి. పక్క గోడకు మేకు, మేకుకు మసిగుడ్డ. పైడమ్మ అటు చూడకుండానే చెయ్యి చాపి అందుకునేది. ఆ పొద్దున నేను ఆ గుడ్డ తీసి, వెనక వసారాలో పీట మీద కూర్చుని, తొడ కింద పెట్టుకున్నాను. ఒళ్ళో నోటుబుక్కు, చేతిలో పెన్సిలు. నీళ్ళు తెర్లుతున్నాయి. "బేగి దింపు పైడమ్మా, బడికి వేళైపోతోంది!" అని కేకేశాను. వేళ కాలేదు.

ఆవిడ చెయ్యి చాపింది. ఒట్టి మేకు తగిలింది. అటూ ఇటూ చూసింది. "బేగి!" అని మళ్ళీ అరిచాను. చీర చెంగు ఎడమ చేతికి చుట్టుకుంది, అది కుడి చేతిదాకా రాలేదు. ఆ కుడి చేతిని ఒట్టిదాన్నే బిందె అంచుకు వేసి పట్టింది. దించేదాకా వదల్లేదు. వదిలితే సలసల కాగే నీళ్ళు కాళ్ళ మీద పడతాయి, అయ్యగారింటి బిందె సొట్టపోతుంది. రెంటిలో ఏది ముందు తట్టిందో నాకు తెలీదు. అరవలేదు.

"కాలిందా?" అని అడిగాను. చూడండి నా దయ!

"నాకేటి బాబూ" అంది.

కింది పెదవి వణుకుతోంది. కళ్ళనీళ్ళు గడ్డం దాకా కారాయి. గజం దూరంలో కూర్చుని అంతా చూశాను. చూస్తూ నోటుబుక్కులో ఏం రాశానో తెలుసా? 'మరమనిషి ముఖంలో ఒక్క నరం కదలలేదు.' నా కథకు అదే కావాలి మరి.

గుడ్డ కట్టెల మధ్యకు విసిరేశాను. మధ్యాహ్నం నేను భోజనానికి వచ్చేసరికి అది నా భార్యకు దొరికింది. "కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావే? ఇదిగో, ఇక్కడే ఉందిగా!" అని పైడమ్మను చివాట్లు పెడుతోంది. పైడమ్మ తప్పైపోయిందని లెంపలేసుకుంది, ఎడమ చేత్తో. నేను తలొంచుకుని తింటున్నాను. ఆ రోజు పులుసు బాగుందని నాకు ఇప్పటికీ గుర్తుంది.

అరచెయ్యి బొబ్బలెక్కింది, చీము పట్టింది. ఆస్పత్రికి పంపితే ఎలా కాలిందని అడుగుతారు. అందుకని కలబంద రాసుకోమన్నాను. చెయ్యి మానడానికి పట్టిన రోజుల్లోనే కథ అచ్చయి వచ్చింది.

ఒక ఆదివారం సాయంత్రం మా అరుగు మీద మిత్రులకు చదివి వినిపించాను. "అయిపోనాది బాబూ" దగ్గర పకపకా నవ్వారు. ఎవరో గుమ్మంలోకి చూసి, "చెక్కమ్మా, మంచినీళ్ళు తే!" అని కేకేశారు కూడా. పైడమ్మ ఎడమ చేత్తో చెంబు తెచ్చిపెట్టి, తలుపు వెనక నిలబడిపోయింది. నేను చదువుతూనే ఉన్నాను. గుమాస్తా మసిగుడ్డ తీసి తొడ కింద దాచుకోవడం, బిందె, ఒట్టి చెయ్యి, కదలని ముఖం. ఉన్నదున్నట్టు రాసేశానని నాకు అప్పుడు కూడా తట్టనే లేదు! ఆ తొడ కింద గుడ్డ ఎంత బాగా కుదిరిందని మురిసిపోతున్నాను. "అచ్చం జరిగినట్టే ఉందండీ మాస్టారూ!" అన్నాడు మా బడిలో లెక్కల పంతులు.

అందరూ వెళ్ళాక చాప చుడుతున్నాను. పైడమ్మ వచ్చి నిలబడింది.

"బాబూ, ఆ బొమ్మకి నొప్పి తెల్దా?"

"తెలీదు పైడమ్మా. అది మర కదా."

"నొప్పే తెల్కపోతే మసిగుడ్డతో దానికేటి పని బాబూ? మరి ఆ గుమస్తాబాబు ఎందుకు దాసీసినాడు?"

పత్రికవాళ్ళకు తట్టలేదు. బీయేలు చదివిన నా మిత్రులకు తట్టలేదు. కథ గుండెకాయలోనే ఉన్న ఆ తప్పును, అక్షరం ముక్క రాని మనిషి, కాలిన చెయ్యి రొమ్ముకు ఆనించుకుని పట్టేసింది. దాచాడంటే దానికి నొప్పి తెలుసని వాడికి తెలుసు. వాడికి తెలుసని ఇప్పుడు ఆవిడకూ తెలుసు.

"అది కథ. నీకు అర్థం కాదులే. వెళ్ళి పని చూసుకో" అన్నాను.

"ఆయ్ బాబూ" అని వెళ్ళింది. ఎప్పుడూ అనే 'నాకేటి' అనలేదు.

ఆ చేతి వేళ్ళు ముడుచుకుపోయాయి, రోకలి పట్టు చిక్కేది కాదు. రెండు నెలలు చూసి నా భార్య, "చెయ్యి రాని మనిషిని ఎన్నాళ్ళు పెట్టుకుంటాం?" అంది. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా, ఈ చెయ్యి నేను తీసిందని? ఇంత అన్నం పెట్టి ఉంచుదామనైనా అనొచ్చు కదా? పేపరు పేజీ తిప్పాను. పైడమ్మ మాత్రం నోరు విప్పితే నా బతుకు బజారున పడేది. విప్పలేదు. "నా సెయ్యే బాగోనేదమ్మా" అని నా భార్యతో చెప్పి వెళ్ళిపోయింది. నన్ను కాపాడిందా, చెప్పినా ఎవరూ నమ్మరనుకుందా, నా పేరెత్తడానికే రోత పుట్టిందా? ఆ మనసులో ఏముందో ఊహించడానికి నాకు చేతకాదు. దానికి మనసు లేదని అచ్చు వేయించినవాణ్ణి నేను.

కొన్నేళ్ళ తర్వాత నక్కపల్లి దగ్గర ఉపమాక తీర్థంలో చూశాను. మెట్ల పక్కన బిచ్చగాళ్ళ వరసలో ఎడమ చెయ్యి చాపి కూర్చుంది. ఉత్తరీయం మొహం మీదికి లాక్కుని, జనం మధ్యలోంచి అవతలి వైపుకు తప్పుకున్నాను. దేవుడి దర్శనం కూడా చేసుకున్నాను, సిగ్గులేని పీనుగని.

ఆపైన కథలన్నీ పుస్తకంగా వేశారు. అప్పుడు చెక్కమ్మ కథలో మసిగుడ్డ వాక్యం కొట్టేశాను. శైలి బిగువు కోసం అని అడిగినవాళ్ళకు చెప్పాను. ఆ తప్పు పట్టిన ఒకే ఒక్క మనిషికి చదువే రాదని తెలిసి కూడా కొట్టేశాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించాల్సిన మనిషి మీరు కాదు, ఆవిడ ఉందో పోయిందో కూడా నాకు తెలీదు. ఇది రాసినందువల్ల ఆ వేళ్ళు విచ్చుకోవు. కానీ ఇంతకాలం తొడ కింద పెట్టుకు కూర్చున్న గుడ్డను ఇవాళ తీసి బయట పెట్టాను, ఊపిరి కొంచెం ఆడుతోంది. అందుకు కూడా నామీద నాకు రోతగానే ఉంది.

ఆ పుస్తకం ఎప్పుడైనా మీ చేతికొస్తే ఒక్క పని చేసిపెట్టండి. 'ఒక్క నరం కదలలేదు' అని ఉంటుంది. ఆ మాట కొట్టేసి పక్కన పెన్సిలుతో రాయండి: గుడ్డ పంతులే దాచాడు. పైడమ్మ ఏడ్చింది. పంతులు చూశాడు.