సంఘం పెట్టెతో చిలమత్తూరు దాకా

దాతల సొమ్ము లేకుండా తనకల్లు దగ్గరి ఆడవాళ్ళ పొదుపు సంఘం బతుకుతుందో లేదో చూసి, ఒక ఫారం నింపుకు రమ్మన్నారు మా ఆఫీసువాళ్ళు. అనంతపురంలో పొద్దున ఐదున్నర బస్సెక్కాను. కదిరిలో ముప్పై రూపాయల ఇడ్లీ తిని, తొమ్మిదిన్నరకు తనకల్లులో దిగాను. సంఘం ఎక్కడని టీ కొట్టాయన్ని అడిగితే, కదలబోతున్న బస్సు చూపించాడు.

"అదో, పోతాండాది. ఉరుకన్నా!"

ఉరికి ఎక్కాను. లోపల గంగమ్మ, నరసమ్మ, వాళ్ళ మధ్య మూడు తాళాల ఇనపపెట్టె. అదే సంఘం. ఆడవాళ్ళకు బస్సు ఉచితం. పెట్టెకు మాత్రం కండక్టరు టికెట్టు కొట్టాడు. చోటు చాలక దాన్ని నా ఒళ్ళో పెట్టారు.

మూడో తాళంచెవి ఓబుళమ్మది. ఆమె చిలమత్తూరు దగ్గర బట్టల ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. ఎవరి తాళం వాళ్ళ చేత్తోనే తీయాలని కట్టుబాటు. నిన్న వాన పడింది. పదును ఆరేలోగా గంగమ్మ వేరుశనగ విత్తనం కొనాలి, అప్పు ఈరోజే కావాలి.

"ఆ తాళంచెవి కూడా మీరే పెట్టుకోవచ్చు గదమ్మా?"

"ముగ్గురి చేతుల్లో ఉంటేనే ముగ్గురమూ మంచోళ్ళం సార్," అంది నరసమ్మ.

రెండు బస్సులు మారి ఒంటిగంటకు చేరాం. అన్నానికి గేటు బయటికొచ్చిన ఓబుళమ్మ పెట్టెను చూసి నెత్తి కొట్టుకుంది.

"అయ్యో, మీకు తిప్పట ఎందుకని తాళంచెవి పొద్దున్నే మా నాయనతో ఊరికి పంపిస్తినే! ఆయప్పే చెప్తాడులే అనుకుంటి. మీ బస్సుకు ఎదురుగానే పోయింటాడు."

"అయితే మీ నాయనే తీస్తాడు," అన్నాను.

"ఆయప్ప సంఘంలో ల్యాడే!" అంది గంగమ్మ. విత్తనం కావాల్సింది ఆమెకే. నాకు ఒళ్ళు మండింది. జేబులో చెయ్యి పెట్టి, నేనే ఇస్తాను తీసుకోమన్నాను.

"ఈపొద్దు నువ్విస్తావన్నా. వచ్చే వానకు నిన్ను యాడ ఎతుక్కునేది?" అంది గంగమ్మ.

ఓబుళమ్మ లోపలికి పోయి సగం రోజు సెలవు పెట్టి వచ్చింది. పెట్టెకు మళ్ళీ టికెట్టు, మళ్ళీ నా ఒళ్ళో.

తనకల్లు చేరేసరికి ఆరయింది. బస్టాండులో ఓబుళమ్మ నాయన తాళంచెవి పట్టుకొని, మమ్మల్ని వెతకడానికి చిలమత్తూరు వైపు బస్సెక్కుతున్నాడు. నరసమ్మ చొక్కా పట్టుకొని దించింది. ముగ్గురూ ఎవరి తాళం వాళ్ళు తీశారు. విత్తనాల కొట్టు షట్టరు సగం దించేశారు. గంగమ్మ దాని కిందుగా దూరి, మూటతో బయటికొచ్చింది. ఆమె నవ్వు చూశాక నా కోపం పోయింది, మోకాళ్ళ నొప్పి మాత్రం పోలేదు.

తిరుగు బస్సులో కదిరి దాకా ఓబుళమ్మ, నేను. తాళంచెవి కొంగున ముడేసుకొని కూర్చునే నిద్రపోయింది. పొద్దున్నే మళ్ళీ పనికెక్కాలి. నేను ఫారం తీశాను. సంఘం సొంతంగా నిలబడుతుందా అన్నచోట నిలబడుతుందని రాశాను. ఖర్చుల దగ్గర పెట్టె టికెట్లు రాశాను. ఓబుళమ్మ పోగొట్టుకున్న సగం రోజు కూలి ఎక్కడ రాయాలా అని చూశాను. దానికి గడి లేదు.