అత్తయ్యగారి సూట్‌కేసు తూకం

రేపు విజయవాడకు మా అత్తయ్యగారి తిరుగు ప్రయాణం. హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఇక్కడ అమెరికాలో, ఆష్‌బర్న్‌లో మాతో ఉన్న ఐదు నెలలూ, నేను రోజూ ఊరి సైకిల్ ట్రెయిల్ మీద ఇరవై మైళ్ళు సైకిల్ తొక్కి వచ్చి గర్వంగా హెల్మెట్ తీయగానే ఒకటే మాట అనేవారు: "కాళ్ళు సరే బాబూ, చేతుల సంగతేంటి?" ఆ పోరు పడలేక డంబెల్స్ కొన్నాను. గరాజ్ తలుపు మూసుకుపోకుండా అడ్డు పెట్టడానికి అవి బాగా పనికొస్తున్నాయి.

ఈ సాయంత్రం ఆవిడ సూట్‌కేసు తూచాం. అందరిళ్ళలో లాగే నేను దాన్ని ఎత్తుకుని బరువు చూసుకునే బాత్రూమ్ స్కేలు మీద నిలబడ్డాను. పెట్టె అడ్డంగా ఉండడంతో అంకె నాకు కనపడదు, ఆవిడే వంగి చదివి, అందులోంచి నా బరువు తీసేసి చెప్పాలి. "విమానం వాళ్ళ లెక్కకి ఇంకా రెండు పౌండ్లు ఎక్కువుంది" అంటూ ఒక చాక్లెట్ ప్యాకెట్ తీసేవారు. నేను మళ్ళీ ఎత్తేవాణ్ణి. "ఇంకాస్త ఉంది బాబూ." మళ్ళీ ఎత్తేవాణ్ణి. పన్నెండోసారికి నా చేతులు వణికాయి.

"ఇక చాలు, దించండి" అన్నారు. దించాక, తీసిన ప్యాకెట్లన్నీ తాపీగా మళ్ళీ లోపల సర్దడం మొదలుపెట్టారు.

"అదేంటి అత్తయ్యగారూ, మళ్ళీ బరువెక్కదా?"

"మొదటిసారికే సరిపోయింది బాబూ. రేపట్నుంచి మీ చేత ఎవరు ఎత్తిస్తారు?"

మీ ఇంట్లో స్కేలు చదివేది ఎవరో ఓసారి చూసుకోండి. నేను మాత్రం గరాజ్ తలుపుకి వేరే అడ్డు వెతకాలి.